మందుతో జరుపు గుండె పరీక్ష: ముందుగా తెలిసికొనవలసిన సంగతులు

మన శరీరమునందు విశ్రాంతి యెరుగని అవయవము గుండె. నిమిషమునకు 72 మారులు కొట్టుకొనునని లెక్కించినను, ఒక దినమునకు అది లక్షమారులకు పైగా కొట్టుకొనును. మగ్గమునకు పండుగనాడైనను సెలవు కలదు గాని గుండెకు లేదు. ఇట్టి గుండెకు రక్తము చాలినంత అందుచున్నదా, లేదా యని తెలిసికొనుటకు వైద్యులు అనేక పరీక్షలు జరుపుదురు. వానిలో మందు ఎక్కించి, గుండె బొమ్మలను తీయు పరీక్ష యొకటి. మన పేటలలో దీనిని సాధారణముగా 'థాలియం పరీక్ష' యని పిలుతురు. దానికి రోగి యెట్లు సిద్ధము కావలెనో ఈ వ్యాసమున వివరింపదలచితిమి.

ఇది వైద్య పత్రికలకు తగిన విషయము గాని పాఠశాల వార్షిక సంచికకు ఏల యని కొందరు ప్రశ్నింపవచ్చును. దానికి మా సమాధానమిది. సోలాపూరు తూర్పు భాగమున నివసించు మన నేతపనివారి పూర్వులు కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ, మహబూబునగరము మొదలగు సీమలనుండి వచ్చి ఇచ్చట స్థిరపడిరి. ఇంటిలో మాట తెలుగు. వీధిలో మాట మరాఠీ. వైద్యాలయమున ఇచ్చు కాగితము మరాఠీ లేక ఇంగ్లీషు. తాతకు గాని నాయనమ్మకు గాని అట్టి కాగితము చేతికి వచ్చినపుడు దానిని చదివి చెప్పువారెవరు? ఎనిమిదవ తరగతి చదువుచున్న మనుమడో, తొమ్మిదవ తరగతి చదువుచున్న మనుమరాలో. ఆ బాలిక ఒక్క మాటకు అర్థము తప్పుగా చెప్పినచో పరీక్ష యంతయు వ్యర్థము కావచ్చును. కనుక ఈ విషయము విద్యార్థులకే ముఖ్యముగా తెలియవలెను.

గుండెకు రక్తమునిచ్చు నాళములు

గుండె శరీరమంతటికి రక్తమును పంపును గాని, తన గదులలో నిండియున్న రక్తమునుండి తన పనికి కావలసిన బలమును అది నేరుగా గ్రహింపజాలదు. దాని కండరమునకు రక్తమునందించుటకు ప్రత్యేకముగ నాళములు కలవు. వీనిని హృద్ధమనులందురు. వయసు, బీడీ, పొగాకు, మధుమేహము, రక్తపు పోటు, క్రొవ్వు మొదలగు కారణములచేత ఈ నాళముల లోపలి గోడలపై పూత పేరుకొని దారి ఇరుకగును.

ఇచ్చట ఒక విచిత్రమున్నది. దారి కొంత ఇరుకైనను మనిషి కూర్చుండియున్నంతవరకు లోపము తెలియదు. 1974లో అమెరికా వైద్యుడు లాన్స్ గౌల్డ్, ఆయన తోటివారు కుక్కలపై పరిశోధనలు చేసి ఈ సంగతిని కొలిచి చూపిరి. నాళము సగము మూసుకొనునప్పటికే, అవసరము మిక్కిలి పెరిగిన సమయమున ప్రవాహము కొరవడుట ప్రారంభించును. కాని విశ్రాంతి సమయమున ప్రవాహము తగ్గవలెనన్నచో నాళము నూటికి సుమారు 85 పాళ్లు మూసుకొనవలెను. అనగా లోపము పెద్దదగువరకు అది దాగియుండగలదు.

మగ్గముపై పనిచేయువారికి ఇది సులభముగా బోధపడును. పడుగులో ఒక పోగు పలుచబడియున్నదనుకొనుడు. మగ్గము మెల్లగా నడుచునంతవరకు అది తెగదు. మరమగ్గము పూర్తి వేగమందుకొనగానే పుటుక్కున తెగును. లోపము నూలులో ముందే యున్నది. వేగము దానిని బయటపెట్టినది. గుండె పరీక్షయందును ఇదే సూత్రము. గుండెకు పని పెంచి, అప్పుడు ఏ భాగమునకు రక్తము కొరవడుచున్నదో చూతురు.

నడకకు బదులు మందు ఏల?

పని పెంచుటకు సాధారణమైన మార్గము రోగిని కదలుచున్న పట్టాపై నడిపించుట. 1963లో రాబర్టు బ్రూస్ అను వైద్యుడు ప్రకటించిన పద్ధతి నేటికిని వాడుకలో నున్నది. ఆ పద్ధతిలో పట్టా గంటకు 1.7 మైళ్ల వేగముతో ప్రారంభమై, ప్రతి 3 నిమిషములకు వేగమును ఎత్తును పెరుగుచుండును. 220 నుండి వయసును తీసివేసి, వచ్చిన దానిలో నూటికి 85 పాళ్ల వరకు నాడి వేగము చేరవలెనని ఒక లెక్క. 60 ఏండ్ల వానికి 160లో 85 పాళ్లు, అనగా నిమిషమునకు 136.

అయితే ఈ నడక అందరికి సాధ్యము గాదు. ఇరువది, ముప్పది ఏండ్లు మరమగ్గముల నడుమ నిలువుకాళ్లపై పనిచేసి మోకాళ్లు అరిగినవారు మన పేటలలో కలరు. ప్రొద్దుటినుండి సాయంకాలము వరకు ఒడిలో చేట పెట్టుకొని బీడీలు చుట్టుచు, నడుము వంగి, మోకాలు మడచినచో చాచలేని తల్లులు కలరు. పక్షవాతము సోకినవారు, కాలి నాళములు మూసుకొనినవారు కలరు. గుండెయందలి విద్యుత్ప్రసారమున ఒక విధమైన లోపము గలవారికి నడక పరీక్ష సరియైన సమాధానము నీయదు. ఇట్టివారికి మందునిచ్చి గుండెను పరీక్షింతురు.

మందు చేయు పని

ఈ పరీక్షయందు వాడు మందులు రెండు తెగలు. మొదటి తెగవి నాళములను విప్పారజేయును. అడినోసిన్, రెగాడినోసన్, డైపిరిడమోల్ అనునవి ఈ తెగకు చెందినవి. అడినోసిన్ మన శరీరమునందు సహజముగా నుండు పదార్థమే. గుండెపై దాని ప్రభావమును 1929లో కేంబ్రిడ్జియందు డ్రూరీ, సెంట్ జ్యోర్జి అను శాస్త్రజ్ఞులు వర్ణించిరి. ఈ మందు సోకగానే ఆరోగ్యవంతమైన నాళములు విప్పారి వానిలో రక్తప్రవాహము మూడు, నాలుగు రెట్లు పెరుగును. ఇరుకైన నాళము వెనుకనున్న చిన్న నాళములు ఉన్న రక్తమును చాలించుకొనుటకై ముందే తమ శక్తికొలది విప్పారియుండును. అవి ఇంకను విప్పారజాలవు. కాబట్టి ఒకచోట వరద, ఒకచోట కొరత స్పష్టముగా కనబడును.

రెండవ తెగకు చెందినది డోబ్యుటమిన్. ఇది గుండెను వేగముగను బలముగను కొట్టుకొనజేయును. దీనిని కొద్దికొద్దిగా, సాధారణముగా 3 నిమిషములకొకమారు పెంచుచు ఎక్కింతురు. ఉబ్బసము గలవారికి మొదటి తెగ మందులు ఊపిరి గొట్టములను బిగింపజేయునన్న భయమున్నందున, వారికి డోబ్యుటమిన్ వాడుట కలదు.

బొమ్మలు తీయు విధము

రక్తము కంటికి కనబడదు గాన దానికొక గుర్తును కలుపుదురు. ఆ గుర్తు టెక్నీషియం అను మూలకము. 1937లో ఇటలీయందలి పలేర్మో నగరమున పెరియే, సెగ్రే అనువారు దీనిని కనుగొనిరి. మానవుడు కృత్రిమముగా తయారుచేసిన మొదటి మూలకమిదియే. దాని పేరునకు గ్రీకు భాషలో కృత్రిమమనియే అర్థము. వెనుక థాలియం అను మూలకమును ఎక్కువగా వాడిరి. నేడు పెక్కుచోట్ల టెక్నీషియమునే వాడుచున్నను పాత పేరే జనుల నోట నిలిచినది.

ఈ గుర్తును సూదిద్వారా నరములోనికి ఎక్కింతురు. రక్తమెక్కువగా పారిన కండరములో గుర్తు ఎక్కువగా చేరును. తక్కువగా పారినచోట తక్కువగా చేరును. దానినుండి వెలువడు గామా కిరణములను ఒక యంత్రము పట్టి బొమ్మగా చూపును. విశ్రాంతి బొమ్మను, మందు ఎక్కించిన పిమ్మట తీసిన బొమ్మను ప్రక్కప్రక్కన పెట్టి పోల్చుదురు. విశ్రాంతిలో బాగుండి మందు తరువాత వెలవెలబోయిన భాగమున్నచో అచ్చటి నాళము ఇరుకైనదని ఊహింతురు. రెండు బొమ్మలలోను వెలవెలబోయినచో ఆ భాగమున పాత దెబ్బ యుండవచ్చునని తలంతురు.

గణితము చదువు విద్యార్థులు ఇంకొక సంగతి గమనింపవలెను. ఈ టెక్నీషియము 6 గంటలలో సగమగును; 12 గంటలలో నాలుగవ వంతు; 24 గంటలలో పదునారవ వంతు. దీనిని మొదటనే తయారుచేసి బీరువాలో దాచిపెట్టుటకు వీలు లేదు. రోగి వచ్చినను రాకున్నను అది కరిగిపోవుచునే యుండును. పరీక్షకు ఇచ్చిన దినమును, వేళను తప్పరాదని వైద్యాలయమువారు పట్టుపట్టుటకు కారణమిదియే. రాలేనివారు ముందురోజే తెలిపినచో ఆ మందు మరియొక రోగికి ఉపయోగపడును.

కిరణములనగానే కొందరు భయపడుదురు. ప్రకృతినుండియే ప్రతి మనుజునికి ఏటా సగటున 2.4 మిల్లీసీవర్టుల కిరణములు సోకుచుండును. ఈ పరీక్షవలన సోకునది సుమారు 10. అవసరము లేక చేయించుకొనదగినది కాదు. అవసరమున్నచో భయపడి మానదగినదియు కాదు. గర్భవతులును, బిడ్డకు పాలిచ్చు తల్లులును ఆ సంగతిని తప్పక ముందుగా చెప్పవలెను. డోబ్యుటమిన్ ఇచ్చి ధ్వని తరంగములతో గుండెను చూచు మరియొక పరీక్షయు కలదు. దానిలో కిరణముల ప్రసక్తి లేదు.

టీ విషయము

ఇక సిద్ధపడు విధమును చెప్పుదుము. అన్నిటిలోను ముఖ్యమైనది, మన పేటలలో అన్నిటికంటె కష్టమైనది, టీ మానుట.

టీలోను కాఫీలోను కెఫీన్ అను పదార్థమున్నది. అడినోసిన్ పనిచేయుటకు నాళముల గోడలయందు కొన్ని స్థానములున్నవి. అవి తాళములనుకొన్నచో అడినోసిన్ తాళపుచెవి. కెఫీన్ ఆ తాళములో దూరునే గాని దానిని తెరువజాలదు. తాను తెరువక, అసలు చెవిని రానీయదు. అప్పుడు మందు ఎక్కించినను నాళములు చక్కగా విప్పారవు. మంచి నాళమునకు చెడ్డ నాళమునకు భేదము కనబడదు. బొమ్మలో అంతయు బాగుగనే యున్నట్లు తోచును. రోగి తనకు జబ్బు లేదని సంతోషముతో ఇంటికి పోవును. జబ్బు మాత్రము అతనితోనే పోవును. పరీక్ష చేయకుండుటకంటె ఇది యెక్కువ ప్రమాదము.

కెఫీన్ పెద్దవారి శరీరములో సగమగుటకు సుమారు 5 గంటలు పట్టును. 12 గంటల తరువాతను అయిదవ వంతు మిగిలియుండును. ఈ కారణముచేత వైద్యాలయమును బట్టి 12 గంటలు గాని 24 గంటలు గాని టీ, కాఫీలు మానుమందురు. 24 గంటలన్నచో, మంగళవారము ఉదయము 9 గంటలకు పరీక్ష యైనపుడు సోమవారము ఉదయము 9 గంటల తరువాత ఒక్క గుక్కయు త్రాగరాదు. రాత్రి పాళి చేసి, నిద్రను ఆపుకొనుటకు గంటకొక కప్పు త్రాగు అలవాటున్నవారు ఆ రాత్రి పనికి పోకుండుటయే మేలు.

ఇచ్చట ఉపవాసమను మాట చిక్కు తెచ్చును. మన యిండ్లలో శనివారము గాని ఏకాదశి గాని ఉపవాసమున్నవారు అన్నము మానుదురే గాని టీ మానరు. కనుక ఉపవాసముతో రమ్మని చెప్పగానే నాయనమ్మ పాలులేని టీ త్రాగి బయలుదేరును. ఆమె తన యెరుకలో ఉపవాసమున్నట్లే. కాని ఈ పరీక్షకు అన్నముకంటె టీయే పెద్ద విరోధి. పాలు పోసినను పోయకున్నను టీ టీయే. మరాఠీ కాగితములో 'రికామ్యా పోటీ' యని యుండును. ఆ 'పోటీ' మన తెలుగు పోటీ గాదు. ఖాళీ కడుపుతో అని దాని యర్థము. 'చహా, కాఫీ ఘేఊ నయే' యని వేరుగా వ్రాసియుండును. ఈ రెండు వాక్యములను పిల్లలు విడివిడిగా చదివి వినిపింపవలెను.

కెఫీన్ టీ, కాఫీలలో మాత్రమే కాదు. కోలా పానీయములలోను, చాకొలెట్టులోను కలదు. కెఫీన్ తీసివేసినదని అమ్ము కాఫీలోను కొంత మిగిలియుండును. సారిడాన్ వంటి తలనొప్పి మాత్రలలోను కలదు. రోజూ టీ త్రాగువాడు మానగానే తలనొప్పి వచ్చుట సహజము. ఆ నొప్పికి అట్టి మాత్ర వేసికొన్నచో ఒక ద్వారము మూసి వేరొక ద్వారము తెరచినట్లగును. కనుక ఏ మాత్ర వేసికొనవచ్చునో ముందే అడిగి యుంచుకొనవలెను.

మందుల విషయము

పత్తి ధూళి, పొగాకు ధూళి పీల్చి ఆయాసము పట్టినవారు మనలో తక్కువ గాదు. వారు వాడు డెరిఫిల్లిన్ వంటి మాత్రలలో థియోఫిలిన్ జాతి మందులుండును. ఇవి కెఫీన్ వలెనే అడినోసిన్‌ను అడ్డగించును. కావున వైద్యుడు వీనిని కొంతకాలము, సాధారణముగా రెండు దినములు, ఆపుమనవచ్చును. అయితే ఆయాసపు మందును ఎవరంతట వారు ఆపుట ప్రాణాపాయము. ఆయాసమున్నదని, ఈ మాత్ర వాడుచున్నానని వైద్యునికి ముందే చెప్పవలెను. అతడు వేరే మందుతో పరీక్ష జరుపవచ్చును.

గుండె వేగమును తగ్గించు మాత్రలు, ఛాతినొప్పికి వాడు మాత్రలు, డైపిరిడమోల్ మాత్రలు కూడ ఈ కోవలోనివే. కొన్నిటిని ఆపుమందురు, కొన్నిటిని ఆపవద్దందురు. మధుమేహము గలవారు ఇన్సులిన్ గాని మాత్ర గాని యథాప్రకారము వేసికొని అన్నము మానినచో చక్కెర పడిపోయి స్మృతి తప్పవచ్చును. ఎంత వేసికొనవలెనో, ఎప్పుడు వేసికొనవలెనో వ్రాయించుకొనవలెను. ఇంటిలోనున్న మందుల పట్టీలన్నిటిని ఒక సంచిలో వేసి తీసికొనిపోయి చూపుట ఉత్తమము. ఆయుర్వేద చూర్ణములను కూడ దాచరాదు.

పరీక్ష దినమున

సాధారణముగా 4 నుండి 6 గంటలు ముందు ఆహారము మానవలెను. మంచినీరు త్రాగుటకు ఎక్కువ చోట్ల అభ్యంతరముండదు. బీడీ, తంబాకు, పండ్లకు రాచుకొను మిశ్రీ ఆనాడు ముట్టరాదు. ముందు గుండీలున్న వదులైన బట్టలు ధరింపవలెను. మెడలోని లోహపు వస్తువులు తీయుమన్నచో అశుభముగా తలపరాదు. లోహము బొమ్మకు అడ్డువచ్చును. మంగళసూత్రము విప్పుటకు సంకోచించు తల్లులు ముందురోజే పసుపుకొమ్ము కట్టిన దారము ధరించి పోవచ్చును. పాత కాగితములన్నియు వెంట నుండవలెను. తోడుగా ఒకరుండవలెను. పని మొత్తము 3, 4 గంటలు పట్టును గాన ఆ దినపు కూలి పోవునని ముందే సిద్ధపడవలెను.

అచ్చట చేతినరమున చిన్న గొట్టమమర్చి, ఛాతిపై తీగలంటించి, రక్తపు పోటు కొలుతురు. మందు ఎక్కుచున్నపుడు ఒళ్లు వేడెక్కుట, తలనొప్పి, ఆయాసము, ఛాతిలో బిగువు కలుగవచ్చును. ఇది మందు గుణము. అడినోసిన్ రక్తములో 10 సెకనులలోపే సగమగును గాన అది ఎక్కించుట మానగానే బాధ త్వరలో తగ్గును. వైద్యుడు ప్రక్కనే యుండును. అవసరమైనచో అమైనోఫిలిన్ అను విరుగుడు ఇచ్చును. ఇదియు థియోఫిలిన్ జాతిదే. ముందు విరోధి యనుకొన్న జాతియే అప్పుడు రక్షకుడగును. బాధను ఓర్చుకొని మౌనముగా నుండుట మనవారి స్వభావము. ఇచ్చట అది గుణము గాదు. నొప్పి యని తెలుగులో చెప్పినను అర్థము గాని చోట ఛాతిపై చేయి పెట్టి చూపవలెను. 'ఛాతీత్ దుఖతే' యను మరాఠీ మాటను పిల్లలు ముందురోజే నేర్పి పంపవలెను.

బొమ్మలు తీయునపుడు చేతులు తలపైకెత్తి 15, 20 నిమిషములు కదలక పండుకొనవలెను. నాడెతో పనిచేసి భుజములు పట్టుకొనిపోయినవారు ఆ సంగతి చెప్పినచో ఆసరా కల్పింతురు.

తరువాత

పరీక్ష ముగిసిన పిమ్మట నీరు విరివిగా త్రాగవలెను. గుర్తుగా నిచ్చిన పదార్థము మూత్రముతో వెడలిపోవును. ఆ దినము చంటిబిడ్డలను ఎక్కువసేపు ఒడిలో పెట్టుకొనకుండుట మంచిది. ఇక టీ త్రాగవచ్చును. మందువలన కలిగిన తలనొప్పికి అప్పుడు టీ ఉపశమనము కూడ కలిగించును.

ఫలితమును గూర్చి రెండు మాటలు. బాగున్నదని వచ్చినచో అది బీడీ త్రాగుటకు అనుమతి పత్రము గాదు. లోపమున్నదని వచ్చినచో వెంటనే శస్త్రచికిత్సయే యని గాదు. మందులతో చక్కబడువారు అనేకులు. మరియు ఈ పరీక్ష తీరికగా జరుపవలసినది. ఛాతిలో విడువని నొప్పి, చెమటలు, ఎడమచేతికి గాని దవడకు గాని ప్రాకు బాధ కలిగినచో పరీక్ష తేదీకై వేచియుండరాదు. వెంటనే 108కు ఫోను చేసి వైద్యాలయమునకు తీసికొనిపోవలెను.

విద్యార్థినీ విద్యార్థులారా! రెండు భాషలు వచ్చుట మీకు పరీక్షలో మార్కులు తెచ్చుట కొరకే కాదు. మీ యింటికి వైద్యాలయపు కాగితము వచ్చిననాడు దానిని మొదటినుండి చివరివరకు నిదానముగా చదువుడు. తెలియని మాటను ఊహింపక అడిగి తెలిసికొనుడు. తినరానివి, త్రాగరానివి, ఆపవలసిన మందులు, పోవలసిన వేళ, ఈ నాలుగింటిని పెద్ద అక్షరములతో తెలుగులో వ్రాసి పొయ్యి దగ్గర గోడకు అంటింపుడు. పెద్దల చేయి తెల్లవారగానే మొదట టీ గిన్నెపైననే పడును గాన, కాగితమునకు తగిన చోటు అదియే. వైద్యుడు చెప్పినదానికిని ఈ వ్యాసమునకును భేదమున్నచో వైద్యుని మాటయే పాటింపవలెను.